ఇషాపూర్ 2ఏ1 రైఫిల్‌లో .308 తూటాలు కాల్చొచ్చా?

కాజీపేట_కుర్రోడు:

అందరికీ నమస్కారం. నేనుండేది డల్లాస్ దగ్గర, వచ్చి పదహారేళ్ళయింది. పోయిన నెల ఫోర్ట్ వర్త్‌లో గన్ షో అంటే ఊరికే చూసొద్దామని వెళ్ళాను. ఒక ముసలాయన టేబుల్ మీద, అన్నిటికంటే చివర, చప్పిడి ముక్కు రైఫిల్ ఒకటి కనబడింది. చేతిలోకి తీసుకుని తిప్పితే బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) కింద ఉక్కు మీద మన అశోక సింహాలు! పక్కనే ఆర్.ఎఫ్.ఐ. (ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ) 1968 అని. టెక్సాస్‌లో సింహాల ముద్ర చూసి ఎలా వదిలేస్తాను? బేరం కూడా సరిగా ఆడలేదు.

మా నాన్న వరంగల్‌లో ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన భుజాన ఉండే త్రీ నాట్ త్రీ ముక్కు అచ్చం ఇలాగే ఉండేది. ఇదీ అదేననుకుని ఇంటికి తెచ్చాను. తీరా భార్య పడుకున్నాక గ్యారేజీలో లైటు పెట్టి చదివితే, పక్కన రాసున్నది రైఫిల్ 7.62 ఎంఎం 2ఏ1. మ్యాగజైన్ కూడా త్రీ నాట్ త్రీకి ఉన్నట్టు ఏటవాలుగా లేదు, డబ్బాలా చదరంగా ఉంది. వెనక సైటు మీద అంకెలు 800 దగ్గర ఆగిపోయాయి.

ఇక్కడే తిరకాసు మొదలైంది. ఫ్యాక్టరీ వాళ్ళు 7.62 అని కొట్టారు, అది సైన్యం తూటా పేరు. ఎప్పుడో దిగుమతి చేసుకున్నవాళ్ళు బ్యారెల్ మూతి దగ్గర చీమ తలకాయంత అక్షరాలతో .308 అని కొట్టారు, అది వేటగాళ్ళ తూటా పేరు. దుకాణంలో రెండు పేర్లతోనూ తూటాలున్నాయి. చూపుకి ఒకటే. కౌంటర్ దగ్గర కుర్రాణ్ణి అడిగితే "సేమ్ థింగ్" అన్నాడు. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే సగం మంది అదే మాట. మిగతా సగం, .308 పేలినప్పుడు పుట్టే ఒత్తిడి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 7.62 ది 50,000, పైగా ఇది 1900ల నాటి త్రీ నాట్ త్రీ డిజైను, బోల్ట్ వచ్చి మొహాన పడుద్ది అంటున్నారు. ఇది చదివాక రైఫిల్ వైపు చూడాలంటేనే టెన్షన్‌గా ఉంది.

ఇంకో అనుమానం. ముందు కట్టెకి అడ్డంగా ఎవరో ఒక స్క్రూ దిగ్గొట్టారు. పగిలిన కట్టెకి చేసిన మరమ్మతా అది?

నాకు వేట లేదు, పోటీలు లేవు. ఏడాదికి రెండు మూడుసార్లు రేంజికి వెళ్ళి ఇరవై రౌండ్లు కాల్చుకుంటే చాలు. తెలిసినవాళ్ళు చెప్పండి.

డల్లాస్_బాబాయ్:

తమ్ముడూ, ఎక్కువ ఆలోచించకు. నా .308లో రెండూ కాలుస్తాను, పదేళ్ళుగా ఏమీ కాలేదు. మన దేశపు ఉక్కు, మొద్దుగా ఉంటుంది, ఏమీ కాదు. కాల్చెయ్.

అన్నట్టు ఇది చదివే హెచ్1బీ తమ్ముళ్ళకి ఒక మాట. మీ వీసా మీద తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉండటమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్పిస్తే. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా సినిమాల్లో చూడండి.

పాత_ఆర్మరర్:

నాయనా కాజీపేట బాబూ, డల్లాస్ బాబాయ్ గారు నీ రైఫిల్ చూడలేదు. నేనూ చూడలేదు. అందుకని కాల్చుకోమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఏం చూడాలో చెప్తాను.

నేను ఈఎంఈలో (సైన్యం మరమ్మతుల విభాగం) ఆర్మరర్‌ని, అంటే తుపాకులు బాగుచేసేవాణ్ణి. 1978లో సికింద్రాబాద్ సెంటర్‌లో చేరి 2002లో హవల్దార్‌గా బయటికొచ్చాను, ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటున్నాను. కళ్ళద్దాలు మార్చాలి, టైపు తప్పులుంటే సర్దుకో.

స్క్రూ సంగతి ముందు తేల్చేద్దాం. అది మరమ్మతు కాదు. కట్టె చీలకుండా ఇషాపూర్ వాళ్ళే వేసేవారు. తియ్యకు.

నీ రైఫిల్ బోరు మార్చిన త్రీ నాట్ త్రీ కాదు. 1962 చైనా యుద్ధం తర్వాత సైన్యం 7.62కి మారుతోంది, సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్ళు కావలసినన్ని లేవు. ఇషాపూర్‌లో త్రీ నాట్ త్రీ చేసే యంత్రాలు, పనివాళ్ళు ఉన్నారు. ఆ పాత నమూనా మీదే 7.62కి కొత్తగా తయారు చేశారు. బ్యారెల్ వేరు. త్రీ నాట్ త్రీ గుండు లావు .311 అంగుళం, 7.62 ది .308. బాడీకీ (బోల్ట్ ఆడే ఉక్కు చట్రం) బోల్ట్‌కీ మెరుగైన ఉక్కు వాడారు. ఎందుకు వాడాల్సొచ్చిందో లెక్క చూడు. తూటాల హద్దులు పెట్టే యూరప్ సంస్థ సీఐపీ పట్టికలో .303కి గరిష్ఠ ఒత్తిడి 365 మెగాపాస్కల్ (ఒత్తిడికి ఇంకో కొలత), .308కి 415. అంటే ఏడో వంతు దాకా ఎక్కువ. దానికి తోడు 7.62 కేసు (తూటా ఇత్తడి గొట్టం) అడుగు కొంచెం లావు. రెండూ కలిపితే బోల్ట్‌ని వెనక్కి తన్నే బలం దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. ఈ రైఫిల్‌కి లగ్గులు (బోల్ట్‌ని బాడీలో ఆపే పళ్ళు) ముందు ఉండవు, వెనక ఉంటాయి. పేలినప్పుడు బోల్ట్ మొత్తం స్ప్రింగులా కొంచెం నొక్కుకుంటుంది. మామూలు త్రీ నాట్ త్రీ బాడీకి 7.62 బ్యారెల్ తగిలిస్తే ఈ ఐదో వంతు దగ్గరే తేడా కొడుతుంది.

ఇక నిన్ను భయపెట్టిన 62,000, 50,000. ఆ రెండు అంకెలూ ఒకే త్రాసులో తూచినవి కావు. పాతకాలంలో పరీక్ష బ్యారెల్‌కి రంధ్రం వేసి, పిస్టన్ కింద చిన్న రాగి ముక్క పెట్టేవారు. పేలాక అది ఎంత నలిగిందో కొలిచి ఒత్తిడి చెప్పేవారు. అమెరికా సైన్యం పాత మాన్యువల్లో 50,000 అన్నది ఆ రాగి ముక్క చెప్పిన లెక్క, పక్కన మాత్రం పీఎస్ఐ అని రాశారు. గొడవంతా అక్కణ్ణుంచే. ఇప్పుడు స్ఫటికంతో కొలుస్తారు, అది క్షణంలో వెయ్యో వంతు పోటుని కూడా పట్టేస్తుంది, కాబట్టి అంకె పెద్దది వస్తుంది. అమెరికాలో సామీ అనే సంస్థ (మన సామి కాదు) .308కి ఇచ్చిన 62,000 ఈ కొత్త పద్ధతిది. అదే .308ని రాగి ముక్కతో కొలిస్తే సామీ పరిమితి 52,000. నాటో వాళ్ళు 7.62కి కొత్త పద్ధతిలో పెట్టుకున్న హద్దు 415 మెగాపాస్కల్, అంటే 60,000 పైచిలుకు పీఎస్ఐ. ఇప్పుడు చూడు, పన్నెండు వేల తేడా ఎక్కడికి పోయిందో.

అయితే బాబాయ్ గారన్నట్టు రెండూ ఒకటేనా? కావు. తేడా ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) ఉంది.

త్రీ నాట్ త్రీ తూటాకి అడుగున అంచు ఉంటుంది, ఆ అంచు మీద ఆగుతుంది. 7.62కి అంచు లేదు, భుజం దగ్గర (కేసు మెడ కింద సన్నబడే చోట) ఆగుతుంది. బోల్ట్ మొహం నుంచి ఆ భుజం ఆనే చోటు దాకా ఉన్న దూరమే హెడ్‌స్పేస్. దాన్ని గేజ్ అనే కొలత ముక్కలు పెట్టి చూస్తారు. గో మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకుంటే వదులు, ఫీల్డ్ మీద కూడా మూసుకుంటే హద్దు దాటినట్టు. .308కి గో గేజ్ 1.630 అంగుళం, నో-గో 1.634, ఫీల్డ్ 1.638. అదే అమెరికా సైన్యం తన 7.62 రైఫిల్ ఎం14కి ఫీల్డ్ గేజ్ 1.6455 దాకా ఒప్పుకుంటుంది. మిలిటరీ ఛాంబర్ వదులుగానే ఉంటుంది, బురదలో దుమ్ములో కూడా రౌండ్ ఎక్కాలి కదా. ఆ వదులుకి తగ్గట్టు మిలిటరీ కేసు అడుగు భాగం మందంగా చేస్తారు. వేటగాళ్ళ .308 కేసు అక్కడ పలచగా ఉంటుంది. వదులు ఛాంబర్‌లో పలచ కేసు పెడితే ఏమవుతుంది? పిన్ను కొట్టగానే కేసు ముందుకు జరుగుతుంది. ముందు గోడలు ఛాంబర్‌ని కరుచుకుంటాయి, అడుగు మాత్రం బోల్ట్ ఆపేదాకా వెనక్కి వస్తుంది. మధ్యలో ఇత్తడి సాగాలి. సాగినంత సాగి తెగుతుంది.

అది తెగితే ఎలా ఉంటుందో నా చేతులారా చూశాను. చేరి రెండేళ్ళు కాలేదు, క్రాఫ్ట్స్‌మన్‌ని. ఒకరోజు రెండు త్రీ నాట్ త్రీల బోల్టులు ఒకే కిరసనాయిలు ట్రేలో వేసి కడిగాను. టీ తాగొచ్చి, ఏది దేనిదో నంబరు చూడకుండా ఎక్కించాను. రెండూ హాయిగా ఎక్కాయి, హాయిగా మూసుకున్నాయి. అదే మోసం. మూడో రోజు రేంజిలో ఒక రైఫిల్ పేలిన చప్పుడు కొంచెం తేడాగా వచ్చింది. జవాన్ కళ్ళు నలుపుకుంటూ బోల్ట్ లాగితే కేసు వెనక ముక్క ఒక్కటే బయటికొచ్చింది, పావలా బిళ్ళకి అంచు కట్టినట్టు. ముందు ముక్క ఛాంబర్‌లోనే ఉండిపోయింది. క్లియరింగ్ ప్లగ్ దూర్చి లాగితే గొట్టంలా వచ్చింది. అదృష్టం, గ్యాసు పక్కకి పోయింది, మనిషికి ఏం కాలేదు. మా హవల్దార్ తిట్టలేదు. ఆ రాత్రి కోత్‌లో (ఆయుధాల గదిలో) ఉన్న రైఫిళ్ళన్నిటికీ బోల్ట్ నంబరూ బాడీ నంబరూ నాచేత పైకి చదివించి రిజిస్టర్‌లో రాయించారు. తెల్లవారుజామున మూడైంది.

కాబట్టి తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, బోల్ట్ హ్యాండిల్ వెనక చదునుగా ఉన్న చోట నంబరు చదువు. బాడీ మీద నంబరుతో కలవాలి. కలవకపోతే అక్కడితో ఆగి గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళు. కలిసినా వెళ్ళు, 1968 నుంచి ఎన్ని చేతులు మారిందో ఏం తెలుసు? మూడు గేజులూ వేయించు. లగ్గులు రెండు వైపులా సమానంగా ఆనుతున్నాయో లేదో నీలం రంగు పూసి చూడమను. ఒకవైపే ఆనితే ఆ ఐదో వంతు ఎక్కువ బరువంతా ఒకే లగ్గు మీద పడుతుంది. త్రీ నాట్ త్రీలోనే తర్వాత వచ్చిన నంబర్ 4 రైఫిల్‌కైతే 0 నుంచి 3 దాకా సైజు అంకెలున్న బోల్ట్ హెడ్లు (బోల్ట్ ముందు బిగించే ముక్కలు) దొరుకుతాయి, వదులైతే పెద్దది వేస్తే సరి. నీ నమూనాకి అలాంటి అంకెలు లేవు, ఒక్కొక్కటీ పెట్టి చూసుకోవాల్సిందే.

అన్నీ బాగుంటే మిలిటరీ 7.62 బాల్ (సైన్యం మామూలు రౌండ్), 147 గ్రెయిన్ల గుండు, అది వాడు. దాని కోసమే పుట్టింది అది. బరువైన వేట గుండ్లు, ఎవరో గ్యారేజీలో నింపి అమ్మే రౌండ్లు దాని నోట్లో పెట్టకు. కాల్చిన ప్రతి కేసూ ఏరుకో. మేము లెక్క అప్పజెప్పడానికి ఏరేవాళ్ళం, ఆ ఏరడంలోనే రైఫిళ్ళ ఆరోగ్యం తెలిసిపోయేది. అడుగు నుంచి వేలి గోరు వెడల్పు పైన, చుట్టూ మెరిసే గీత ఉందేమో చూడు. సన్న తీగ చివర కొక్కెంలా వంచి కేసు లోపలికి పోనిచ్చి, గోడ వెంబడి అడుగు నుంచి పైకి గీరు. కొక్కెం గాడిలో పడ్డట్టు టక్కుమంటే లోపల అప్పుడే తెగడం మొదలైందన్నమాట. ఆ తర్వాత ఇంకో రౌండ్ వద్దు.

ఫీనిక్స్_సూరి:

ఆర్మరర్ గారూ, ఈ పోస్టు సేవ్ చేసుకున్నాను. ఇదే తప్పు నేను వేరే దారిలో చేశాను.

నాదొక బోల్ట్ యాక్షన్, బ్యారెల్ మీద శుభ్రంగా .223 రెమింగ్టన్ అని ఉంది. చవగ్గా వస్తోందని 5.56 మిలిటరీ రౌండ్ల పెట్టె కొన్నాను. జూన్ నెల ఫీనిక్స్, పెట్టె కారు డిక్కీలో మధ్యాహ్నం దాకా మాడింది. నాలుగో రౌండ్‌కి బోల్ట్ పైకి లేవలేదు, అరచేత్తో కొడితే లేచింది. కేసు చూస్తే ప్రైమర్ (పిన్ను తగిలే అడుగు బిళ్ళ) పెనం మీద నొక్కిన అట్టులా చదునైపోయింది, అడుగున బోల్ట్ మొహం మీది ఎజెక్టర్ (కేసుని బయటికి తన్నే భాగం) రంధ్రం ఆకారం గుండ్రంగా అచ్చుపడింది.

తర్వాత తెలిసింది, ఇక్కడ కేసు కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, తేడా ఛాంబర్ ముందున్న గొంతులో ఉంది. 5.56 ఛాంబర్‌లో గుండు రైఫ్లింగ్‌ని (బ్యారెల్ లోపలి గాడుల్ని) తాకే ముందు కొంచెం ఖాళీగా జారుతుంది. .223లో ఆ ఖాళీ సగం కూడా ఉండదు. గుండు బయల్దేరీ బయల్దేరకముందే గాడుల్లో దిగబడుతుంది, ఒత్తిడి ఒక్కసారిగా లేస్తుంది. దానికి ఎండకి కాగిన మందు తోడైంది. .223 ఛాంబర్‌లో 5.56 వద్దని సామీ వాళ్ళ జాబితాలోనే ఉంది. తిరగేసి 5.56 ఛాంబర్‌లో .223 కాలిస్తే పరవాలేదు. రెండూ కావాలంటే వైల్డ్ అనే మధ్యస్థ ఛాంబర్ వచ్చింది, ఇప్పుడు నా దగ్గరున్నది అదే.

అన్నట్టు అమెరికా సైన్యం 2022లో ఎంచుకున్న కొత్త 6.8 రైఫిల్ సంగతి విన్నారా? ఆ తూటాకి సివిల్ రూపం .277 ఫ్యూరీ, సామీ హద్దు 80,000 పీఎస్ఐ! అంత ఒత్తిడికి ఉత్త ఇత్తడి ఆగదని కేసు అడుగు భాగం ఉక్కుతో చేశారు.

పాత_ఆర్మరర్:

సూరి బాబూ, ఆ పెట్టెలో మిగిలిన రౌండ్లు ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఈ కథ కూడా చెప్పి ఇవ్వు. 6.8 గురించి చదివాను. కేసుకి ఉక్కు అడుగు పెట్టగానే సరిపోదు. దాని వెనకున్న బోల్ట్, లగ్గులు, బ్యారెల్ గొంతు, అన్నీ ఆ 80,000కే లెక్కగట్టాలి. ఒకటి బలపరిస్తే తెగేది పక్కది.

అమెరికా వాళ్ళే ఒకప్పుడు 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ళ దగ్గర దెబ్బతిన్నారు. ఉక్కు ఎంత కాగిందో పనివాళ్ళు రంగు చూసి కంటితో చెప్పేవారు. మబ్బు పట్టిన రోజు ఒక రంగు, ఎండ రోజు ఇంకో రంగు కనబడేది. మాడిన ఉక్కు గాజులా పెళుసెక్కింది, మొదటి ప్రపంచ యుద్ధం టైములో కొన్ని బాడీలు ముక్కలయ్యాయి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చేసిన వాటిలో 8,00,000 కంటే తక్కువ నంబరుంటే కాల్చొద్దని ఇప్పటికీ చెప్తారు. అక్కడ కూడా నంబరే చదవాలి.

డల్లాస్_బాబాయ్:

ఆర్మరర్ గారూ, నా .308 మీద ఏం రాసుందో ఇప్పుడే వెళ్ళి చూసొచ్చాను. రెండూ రాసున్నాయి. బతికాను. కాజీపేట తమ్ముడూ, నా "కాల్చెయ్" వెనక్కి తీసుకుంటున్నా.

కాజీపేట_కుర్రోడు:

అందరికీ థాంక్స్. ఆలస్యానికి సారీ, మా ఊరి గన్‌స్మిత్ రెండు వారాలు ఆపాడు.

ఆర్మరర్ గారూ, మీ పోస్టు చదివిన రాత్రే గ్యారేజీకి వెళ్ళాను. బోల్ట్ హ్యాండిల్ వెనక మురికి పట్టి ఉంది, టూత్‌బ్రష్‌తో రుద్దితే అంకెలు బయటపడ్డాయి. బాడీ నంబరుతో కలవలేదు. ఒక్క అంకె కూడా. ఈ బోల్ట్ ఏ రైఫిల్‌దో, ఈ రైఫిల్ బోల్ట్ ఎక్కడుందో!

గన్‌స్మిత్ గేజులు వేశాడు. గో మీద మూసుకుంది, మూసుకోవాలి కూడా. నో-గో మీదా మూసుకుంది. ఫీల్డ్ మీద మాత్రం హ్యాండిల్ సగం దిగి ఆగింది. అంటే వదులే, కానీ మరీ హద్దు దాటలేదు. నీలం పూసి బోల్ట్ పదిసార్లు ఆడించి తీసి చూపించాడు. కుడివైపు పొడుగు లగ్గు మీద రంగు మొత్తం చెరిగిపోయింది. ఎడమవైపు చిన్న లగ్గు మీద వేసిన రంగు వేసినట్టే ఉంది, తడి కూడా ఆరలేదు. "హాఫ్ ఎ రైఫిల్" అన్నాడాయన. లగ్గు అరగదీసి కలపొచ్చు గానీ హెడ్‌స్పేస్ ఇంకా పెరుగుతుంది, అప్పుడు పొడుగు బోల్ట్ హెడ్ వెతకాలి. తన దగ్గరున్న పాత డబ్బాలో నాలుగు పెట్టి చూశాడు, నాలుగూ ఇంచుమించు ఒకే పొడవు. వేరే బోల్టులు వస్తే ఫోన్ చేస్తానన్నాడు. అప్పటిదాకా ఒక్క రౌండ్ కూడా వద్దన్నాడు. కొన్న 7.62 పెట్టె సీలు తీయకుండా ఇంట్లోనే, చల్లగా ఉండే చోట పెట్టాను (సూరి గారికి ధన్యవాదాలు).

ఆదివారం నాన్నకి వీడియో కాల్‌లో రైఫిల్ చూపించాను. సింహాలు చూపిస్తే మురిసిపోతారనుకున్నా. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, ఫోన్ మొహం దగ్గర పెట్టుకుని అన్న మొదటి మాట, "బోల్ట్ నంబరు చూసినవారా?"

పాత_ఆర్మరర్:

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు బాబూ. యాప్రాల్ వైపు వస్తే ఇంటికి రమ్మను. కొత్త బోల్ట్ దొరికాక నీలం పూసిన ఫోటో పెట్టు, రెండు లగ్గులవీ.